మన్యమున బాలల రక్షణ: లెక్క అడుగువా రెవరు?

చట్టము వ్రాయుట యొక యెత్తు. ఆ చట్టము కొండ యెక్కుట మరియొక యెత్తు. బాలల రక్షణమునకై మన దేశమున చట్టములకు కొదవ లేదు. ఐక్యరాజ్యసమితి వారి బాలల హక్కుల ఒడంబడికను భారతదేశము 1992 డిసెంబరులో అంగీకరించినది. తరువాత 2006లో బాల్యవివాహ నిషేధ చట్టము, 2009లో విద్యాహక్కు చట్టము, 2012లో పోక్సో చట్టము, 2015లో బాలల న్యాయ చట్టము వచ్చినవి. విశాఖపట్టణమున సముద్రపుటొడ్డున పుట్టిన శిశువునకును, అరకులోయకు పైనున్న కొండగూడెమున పుట్టిన శిశువునకును ఈ చట్టములన్నియు సమానమే. అయితే వీని క్రింద ఏర్పడిన సేవలు నిజముగా పనిచేయుచున్నవో లేదో చూచుట యెవరి పని? చూచువారు దేనిని చూడవలెను? ఈ విషయమునే శ్రోతలకు విన్నవింపదలచితిమి.

మొదట ఆ ప్రదేశమును గూర్చి రెండు మాటలు. గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండసీమలను 1839వ సంవత్సరపు చట్టము సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తొలగించి, గవర్నరుకు ఏజెంటుగా నుండు కలెక్టరు చేతిలో నుంచినది. మనమిప్పటికిని మన్యమును ‘ఏజెన్సీ’ యని పిలుచుట అందువలననే. మైదానమున నడచిన చట్టము కొండపై నడవకుండుట అనునది ఆనాటినుండి వచ్చిన అలవాటు. మదరాసు రాజధానిలో బాలల చట్టము 1920లోనే వచ్చినది. అట్టిది దేశమున అదియే మొదటిది. కాని చట్టపు పేరు వినుటకును, చట్టపు ఫలము పొందుటకును నడుమ ఈ కొండలలో తరములే గడచినవి.

2022 ఏప్రిల్ 4వ తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి, పాడేరు దానికి ముఖ్యపట్టణమైనది. అంతకు పూర్వము అరకు, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు, పెదబయలు మండలములవారికి జిల్లా కచేరీ యనగా కనుమలు దిగి విశాఖపట్టణము చేరుటయే. ఇప్పుడు దూరము తగ్గినమాట నిజము. కాని అరకుకు దగ్గరైనది ప్రతి గూడెమునకును దగ్గరైనట్లు కాదు. బస్సు ఆగుచోటినుండి రెండు మూడు గంటలు నడచి చేరవలసిన పల్లెలు ఇంకను కలవు. గర్భిణులను డోలీలో మోసికొని రావలసిన పల్లెలును కలవు. అచ్చటి పిల్లలు ఇంటిలో మాటలాడునది తెలుగు కాకపోవచ్చును. కువి కావచ్చును, కొండభాష కావచ్చును, గదబ కావచ్చును, ఆదివాసీ ఒడియా కావచ్చును. దూరము, భాష అను ఈ రెండింటిని మనసులో నుంచుకొననిదే మన్యమున ఏ సేవకును కొలత వేయజాలము.

ఇక రక్షణ యంత్రాంగము స్థూలముగా ఇట్లున్నది. ప్రతి జిల్లాలోను బాలల సంక్షేమ సమితి యుండవలెను. దానికి ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. అందొకరైనను స్త్రీ కావలెను. నెలకు కనీసము 20 దినములు ఆ సమితి కూర్చుండవలెనని చట్టము. దానికి తోడుగా జిల్లా బాలల సంరక్షణ విభాగము కలదు. ప్రతి పోలీసుఠాణాలో బాలల సంక్షేమమునకు ఒక అధికారి యుండవలెను. 2009లో ఆరంభమైన సమగ్ర బాలల సంరక్షణ పథకము గ్రామమునకొక రక్షణ కమిటీని, అందు పంచాయతీ పెద్దను, ఉపాధ్యాయుని, అంగన్‌వాడీ కార్యకర్తను, వారితో పాటు ఇద్దరు బాలలను గూడ ఉండుమన్నది. ఆ పథకమే ఇప్పుడు ‘మిషన్ వాత్సల్య’ అను పేర నడచుచున్నది. ఆపదలోనున్న బాలునికొరకు 1098 అను టెలిఫోను సంఖ్య యున్నది. 1996లో బొంబాయిలో పుట్టిన ఈ సేవను 2023లో ప్రభుత్వములు స్వయముగా చేతికి తీసికొన్నవి.

ఈ యంత్రమునకు కాపలా యేర్పాటులు గూడ లేకపోలేదు. 2005 చట్టము ననుసరించి జాతీయ, రాష్ట్ర బాలల హక్కుల కమిషనులు ఏర్పడినవి. బాలలను ఉంచు గృహములను మూడు నెలల కొకసారి తనిఖీ సంఘము చూడవలెను; ఆ సంఘమున ముగ్గురికి తక్కువ గాకుండ, ఒక స్త్రీ, ఒక వైద్యాధికారి ఉండవలెను; వారము దినములలో నివేదిక ఈయవలెను; నెలలోపల దానిపై చర్య జరుగవలెను. 2021లో సవరించిన చట్టము ప్రకారము జిల్లా కలెక్టరు మూడు నెలల కొకసారి సంక్షేమ సమితి పనిని సమీక్షింపవలెను. కాగితముమీద కంచె గట్టిగనే యున్నది. కాని కంచెకు నడుమ సందు లెచ్చట నున్నవో తెలియవలెనన్నచో, ఒక బిడ్డవెంట నడచి చూడవలెను.

ఒక బాలికను ఊహింతము. ఆమెకు పదునైదేండ్లు. డుంబ్రిగుడకు పైనున్న గూడెము. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదవ తరగతి. పండుగ సెలవులకు ఇంటికి పోయినది, మరల రాలేదు. పెండ్లి కుదిరినదని యొకరు, పట్టణమున పనికి కుదిర్చినారని యొకరు చెప్పుచున్నారు. పాఠశాల హాజరుపట్టీలో ఆమె పేరు నెదుట ‘గైర్హాజరు’ అని పడును. కొన్ని వారములు గడచిన పిదప ‘దీర్ఘకాల గైర్హాజరు’ అగును. ఆపైన పట్టీనుండి పేరే పోవచ్చును. ఆ పట్టీ తప్పు కాదు. పట్టీ ప్రకారము అంతయు సరిగనే యున్నది. బిడ్డ మాత్రము లేదు.

ఇక్కడ పరీక్షకుడు అడుగవలసిన మొదటి ప్రశ్న: ఆమె రాలేదని యెన్నవ దినమున, ఎవరు, ఎవరికి చెప్పిరి? పాఠశాల అధికారి గిరిజనాభివృద్ధి సంస్థకు చెప్పిన చాలునా, సంరక్షణ విభాగమునకు గూడ చెప్పెనా? ఆశ్రమ పాఠశాల విద్యాలయమే గాని, బాలల న్యాయ చట్టము క్రింద నమోదైన శరణాలయము గాదు. కనుక ఒక శాఖ ఆమెను విద్యార్థినిగా లెక్కించును. మరియొక శాఖ ఆమెను ఆపన్నురాలగు బాలికగా ఇంకను లెక్కించి యుండదు. ఈ రెండు లెక్కల నడుమనే మన్యపు బిడ్డలు జారిపోవుట.

రెండవ ప్రశ్న వయస్సును గూర్చినది. పెండ్లి ఆపవలెనన్నను, పనినుండి విడిపింపవలెనన్నను, నేరము నిరూపింపవలెనన్నను ఆమె వయస్సు తెలియవలెను. పాఠశాల ధ్రువపత్రము, అది లేనిచో పంచాయతీవారి జననపత్రము, అదియు లేనిచో వైద్యపరీక్ష అని చట్టము వరుస చెప్పుచున్నది. ఇంటనే కాన్పు జరిగి, జననము నమోదు గాని గూడెమున, పాఠశాల యెక్కని బిడ్డకు మిగులునది వైద్యుని అంచనా మాత్రమే. అది రెండేండ్లు అటుఇటు కావచ్చును. పదునారు పదునెనిమిది యగుటకు ఆ రెండేండ్లు చాలును. కావున ఒక గ్రామమున జననములు నమోదగుచున్నవా యని అడుగుట, అచ్చటి బాలలకు రేపు రక్షణ దొరుకునా యని అడుగుటయే.

మూడవది కాలమును గూర్చిన ప్రశ్న. బాలిక దొరికిన పిదప 24 గంటలలో ఆమెను సంక్షేమ సమితి యెదుట నుంచవలెను. అయితే ప్రయాణకాలము ఆ గంటలలో చేరదు. మైదానమున ఇది చిన్నమాట. కొండలలో ఇదియే పెద్దమాట. వాగు పొంగినదనియు, బండి లేదనియు రెండు దినములు గడచినను నియమము తప్పినట్లు కాదు. అందువలన మన్యమున గడియారము రెండుచోట్ల చూడవలెను: బిడ్డ కంటబడిన వేళ యేది, సమితి యెదుట నిలిచిన వేళ యేది, ఆ నడుమ రాత్రి ఆమె ఎవరి ఇంట, ఎవరి కాపుదలలో నిదురించినది? సమితి కూర్చుండని సమయమున ఒక సభ్యుని యెదుట బిడ్డను చూపుటకు చట్టము వీలిచ్చినది. ఆ వీలును ఎన్నిసార్లు వాడిరో అడుగవలెను.

నాలుగవది భాష. పోక్సో చట్టము బాలల మాటను వారికి తెలిసిన సులభమైన భాషలో వ్రాయవలెననియు, అవసరమైనచో అర్హుడగు దుబాసీని పెట్టవలెననియు విధించినది. కువి మాటలాడు బిడ్డను తెలుగున ప్రశ్నించి, ఆమె తల యూపిన చాలునని సంతకము పుచ్చుకొన్నచో, అది వాఙ్మూలము గాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అను ఎనిమిది భాషలలో ప్రాథమిక విద్యను ప్రయోగముగా ఆరంభించిరి. షెడ్యూల్డు ప్రాంతములలో ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యని 2000లో వచ్చిన మూడవ నంబరు ఉత్తరువును సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసినది. ఆ తీర్పు తప్పొప్పుల చర్చ వేరు. కాని బిడ్డ భాష యెరిగిన పెద్దలు పాఠశాలలో ఎందరున్నారన్నది రక్షణకును సంబంధించిన లెక్కయే. తన బాధను చెప్పుకొనుటకు మాట దొరకని చోట బిడ్డ మౌనముగ నుండును. ఆ మౌనమును రిజిస్టరు ‘ఫిర్యాదు లేదు’ అని వ్రాసికొనును.

ఐదవది చివరి ప్రశ్న, అన్నింటికంటె తరచుగా మరచునది. సామాజిక విచారణ 15 దినములలో ముగియవలెను. మొదట హాజరు పరచిన నాటినుండి నాలుగు నెలలలో తుది యాజ్ఞ రావలెను. ఆజ్ఞ వచ్చినది, బాలికను తల్లిదండ్రుల కప్పగించిరి, ‘కేసు ముగిసినది’ అని వ్రాసిరి. ఆరు నెలల తరువాత ఆమె ఎక్కడ నున్నది? బడిలోనా, అత్తవారింటనా, మరల పట్టణముననా? శరణాలయము చివరి మార్గమే కావలెనని చట్టము చెప్పును. పేదకుటుంబమున బిడ్డ నిలుచుటకు మిషన్ వాత్సల్య క్రింద నెలకు 4,000 రూపాయల సహాయము గలదు. ఆ సొమ్ము ఆ ఇంటికి చేరెనా? ముగిసిన కేసులు ఎన్ని అని గాక, నిలిచిన బిడ్డలు ఎందరు అని అడుగువారు కావలెను.

కాగితములు సరిగానుండి బిడ్డలు చెడిన ఉదాహరణలు దూరముగ వెదకనక్కరలేదు. బీహారు ప్రభుత్వము కోరగా టాటా సామాజిక శాస్త్ర సంస్థవారు ఆ రాష్ట్రమున 110 గృహములను పరీక్షించి 2018లో నివేదిక యిచ్చిరి. ముజఫర్‌పూరులోని బాలికల గృహమున జరుగుచున్న ఘోరము దానివలననే బయటపడినది. అది ప్రభుత్వధనముతో నడచుచు, అధికారుల రాకపోకలున్న గృహము. ‘కంచె చేను మేసిన’దన్న సామెత అక్షరాల నిజమైనది. 2020 జనవరిలో న్యాయస్థానము 19 మందిని దోషులుగా తీర్మానించినది. ఈ పరీక్షకులు వెనుకటివారికంటె భిన్నముగా చేసినదేమి? వారు గోడలను, పాత్రలను, పట్టీలను చూచి ఊరకొనలేదు. బిడ్డలతో కూర్చుండి మాటలాడిరి. అంతే.

ఇంగ్లండు వంటి సంపన్నదేశమునను ఇదే పాఠము. 2000 సంవత్సరమున లండనులో ఎనిమిదేండ్ల విక్టోరియా క్లింబియే సంరక్షకుల క్రూరత్వమునకు బలియైనప్పుడు, ఆమెను రక్షించుటకు వివిధ శాఖలకు కనీసము పన్నెండు అవకాశములు వచ్చి పోయినవని లార్డు లామింగు విచారణ తేల్చినది. దాని తరువాత నియమములు, పత్రములు, గడువులు పెరిగినవి. 2011లో అచార్య ఐలీన్ మన్రో సమీక్షించి, ఉద్యోగుల కాలము పత్రములు నింపుటకే పోవుచున్నదనియు, నియమము పాటించితిమా యన్న చింత పెరిగి బిడ్డకు మేలు కలిగెనా యన్న చింత తగ్గినదనియు చెప్పినది. కావున తనిఖీ లేకున్నను ముప్పే. తనిఖీ కాగితమునకే పరిమితమైనను ముప్పే.

ఈ విషయమున తెలుగువారికి స్వంత అనుభవము కొంత కలదు. 1991 మొదలు రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషను వారు బాలకార్మికులను బడికి మరల్చిన పద్ధతి జగద్విదితము. వారు చేసిన మొదటి పని గ్రామమున ఇంటింటికి తిరిగి ప్రతి బిడ్డ పేరు వ్రాయుట. ఆ పట్టిక గ్రామమువారి సొత్తగుట. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాగారే 2007లో జాతీయ బాలల హక్కుల కమిషనుకు మొదటి అధ్యక్షురాలైరి. రెండవ అనుభవము ఉపాధిహామీ పథకపు సామాజిక తనిఖీ. 2006 మొదలు మన రాష్ట్రమున గ్రామయువకులే మస్టరు రోలును చేతబట్టి, కూలివాని యింటికి పోయి, ‘ఇన్ని దినములు పనిచేసితివా, ఇంత సొమ్ము ముట్టినదా’ యని అడిగి, మండల ప్రజావేదికలో అందరి యెదుట చదివిరి. చదువురాని కూలివాడు అధికారిని ప్రశ్నించుట అచ్చట సాధారణ దృశ్యమైనది.

ఆ పద్ధతినే బాలల సేవలకు వాడరాదా యని శ్రోతలు అడుగవచ్చును. వాడవలెను, కాని ఒక ముఖ్యభేదము పాటింపవలెను. కూలి లెక్కను పేరుతో చదువవచ్చును. బాధపడిన బిడ్డ పేరును సభలో చదువరాదు. అట్లు వెల్లడించుట చట్టరీత్యా నేరము. చిన్నగూడెమున పేరు చెప్పనక్కరయే లేదు. ‘ఫలానా ఊరి తొమ్మిదవ తరగతి పిల్ల’ అన్న చాలును, అందరికిని తెలియును. కావున సంఖ్యను సభలో చెప్పవలెను, పేరును గోప్యముగ నుంచవలెను. ఈ మండలమున ఎందరు బడికి తిరిగిరాలేదు, ఎందరిని వెదకిరి, ఎందరు దొరకిరి, ఎన్ని దినములలో, ఎన్ని ఖాళీ ఉద్యోగములున్నవి, తనిఖీ సంఘము యే తేదీన వచ్చినది — ఇవి సంతలో నిలుచుండి చదువదగిన సంగతులు. ఒక్కొక్క బిడ్డ కథ మాత్రము సమితి గదిలోనే యుండవలెను.

మరియొక హెచ్చరిక. కేసుల సంఖ్య పెరిగినంత మాత్రమున సేవ బాగుపడినదనుకొనరాదు. తగ్గినంత మాత్రమున ఊరు బాగుపడినదనియు అనుకొనరాదు. కొండజాతులలో యువతీయువకులు పరస్పరము ఇష్టపడి యొకటగు ఆచారములు గలవు. పదునేడేండ్ల పిల్లను కోరి పెండ్లాడిన ఇరువదియేండ్ల వానిని జైలుకు పంపిన కేసును, మోసగించి పట్టణమునకు అమ్మిన కేసును ఒకే గడిలో వ్రాసిన లెక్కవలన ఏమియు తెలియదు. గంజాయి రవాణాకు బాలలను వాడుకొను దళారుల విషయమును అట్టిదే. 2021లో పోలీసువారు ‘పరివర్తన’ అను పేర గంజాయితోటలను నరికించిరి. అట్టి రవాణాలో పట్టుబడిన బాలుని దోషిగా లెక్కించితిమా, వాడుకొనబడినవానిగా లెక్కించితిమా యన్నదానిని బట్టియే అతని రేపటి బ్రతుకు మారిపోవును. పరీక్షకుడు సంఖ్య వెనుకనున్న ఈ భేదమును అడిగి తెలిసికొనవలెను.

ఇంత చెప్పిన పిదప పనిచేయువారి పక్షమున గూడ ఒక మాట చెప్పుట న్యాయము. కొండ యెక్కి దిగు అంగన్‌వాడీ కార్యకర్త, రాత్రివేళ బిడ్డను వెంటబెట్టుకొని కనుమదారిన పోవు సంరక్షణాధికారి — వీరిని దోషులుగా నిలువబెట్టుటకు తనిఖీ గాదు. బండి లేనివానిని ‘వేళకు రాలేదేమి’ యని అడుగుట తనిఖీ యనిపించుకొనదు; బండి ఏల లేదని పైవానిని అడుగుటయే తనిఖీ. ఖాళీలు నింపుట, ప్రయాణపు ఖర్చు వేళకు ఇచ్చుట, దుబాసీని ఏర్పరచుట పైవారి పనులు. లెక్క క్రిందినుండి పైకి ఎంత పోవునో, జవాబు పైనుండి క్రిందికి అంత రావలెను. 2018 ఫిబ్రవరిలో సంపూర్ణా బెహురా వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినది గూడ ఇదియే: కమిషనులలోను, సమితులలోను ఖాళీలు నింపక చట్టము అమలగుట కల్ల.

చివరకు ఇంటిలో రేడియో ముందు కూర్చున్న మన పని యేమి? మన్యమునందున్నవారికి గ్రామసభ కలదు. 1996 నాటి పెసా చట్టము, సామాజిక రంగములలోని సంస్థలపైనను ఉద్యోగులపైనను అదుపు పంచాయతులకును గ్రామసభకును ఉండవలెనని నిర్దేశించినది. ఆ సభలో రోడ్డును గూర్చి అడుగుదుము, బోరింగును గూర్చి అడుగుదుము. ‘సెలవులకు వచ్చి మరల బడికి పోని పిల్ల లెందరు’ అన్న ప్రశ్నను గూడ వానితో పాటు అడుగవలెను. మైదానముననున్నవారు, తమ వీధిలో ఇంటిపనికో, హోటలుపనికో వచ్చిన కొండబిడ్డ కనిపించినచో, ఎవరి బిడ్డయో మనకేల యనక 1098కి తెలుపవలెను. ఆ తెలుపుటతో పని తీరదు. పదిదినములు పోయిన పిదప ‘ఆ బిడ్డ యేమైనది’ అని మరల విచారింపవలెను. పేరు చెప్పకపోవచ్చును, చర్య జరిగినదో లేదో చెప్పుదురు. ఆ రెండవసారి అడుగువారు ఊరికి పదిమంది యున్నచో, పట్టీలు వ్రాయువారికి గూడ బిడ్డ ముఖము గుర్తుకు వచ్చును.